పోగొట్టుకున్నదీ, పారేసినదీ

చీపురుకు వివేకం లేదు. ముక్కుపుడకలోంచి జారిపడ్డ రాయి అయినా, వంకాయ తొడిమ అయినా దానికొకటే. రెండింటినీ ఒకే చేటలోకి ఎత్తేస్తుంది. ఆ తర్వాత "అయ్యో, నా పుడక రాయి!" అంటూ చెత్తంతా పాత పేపరు మీద గుమ్మరించి, వేలితో కెలుక్కుంటూ వెతుక్కునే పని మనది. రాయి దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. కాని వెతుకుతూంటే ఇంకా ఏవేవో బయటపడతాయి. ఎవరో నాలుగు ముక్కలుగా చింపి పారేసిన కాగితం కనిపిస్తుంది. ఆ దస్తూరీ మనకు తెలిసినదే. కోడలిదో, ఆడపడుచుదో. మరి ఆ ముక్కల్ని పక్కపక్కన పేర్చి చదువుతామా? చదవకుండా తిరిగి చెత్తలో కలిపేస్తామా?

ఈ పాత ప్రశ్న ఇప్పుడు మన ఇళ్ళల్లోకి కొత్త వేషంలో వచ్చింది. ముందుగదిలో ఓ మూల బల్లమీద కంప్యూటరు వుంటుంది. అది ఆయనదీ, పిల్లలదీ, మనదీ. అమెరికాలో వున్న అమ్మాయి రాసిన ఈమెయిళ్ళూ, పెళ్ళిపిలుపుల కోసం ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న చిరునామాలూ, గ్యాసు కంపెనీ వాళ్ళతో జరిపిన వాదనలూ అన్నీ అందులోనే. ఓ మధ్యాహ్నంవేళ ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కుతారెవరో. "తుడిచేయమంటారా?" అని అది అడుగుతుంది. అలాంటి ప్రశ్నలు అది రోజుకి పాతిక అడుగుతుంది కనుక, చదవకుండానే "అవును" అనేస్తారు. క్షణంలో పదేళ్ళ వుత్తరాలు మాయం!

పూర్వం వుత్తరాలు పోవడానిక్కూడా కాలం పట్టేది. ట్రంకుపెట్టె అడుగున చెదలు పట్టేది, ఇల్లు మారినప్పుడు ఓ కట్ట జారిపోయేది, వానాకాలం గోడ చెమ్మకి ఇంకు అలుక్కుపోయేది. కొంచెం కొంచెంగా పోయేవి కాబట్టి కొంచెం కొంచెంగానే బాధపడేవాళ్ళం. ఇప్పుడలా కాదు, వున్నవన్నీ ఒక్కసారే పోతాయి. తెరమీద ఆ ఖాళీ చూసినప్పుడు చేతులు చల్లబడతాయి. పక్కన నిలబడ్డ పిల్లవాణ్ణి ఓ దెబ్బ వెయ్యాలనిపిస్తుంది. వాడు నొక్కినా, నొక్కకపోయినా!

కాని ఒక మాట. కంప్యూటరులో తుడిచేయడమంటే పలక తుడిచినట్టు కాదు. మన వంటింటి అలమారులో వరసగా డబ్బాలుంటాయి కదా. ఒకదానిమీద "కందిపప్పు" అని చీటీ అంటించి వుంటుంది. ఆ చీటీ పీకేశారనుకోండి. చూసేవాళ్ళకి అందులో ఏముందో తెలియదు, ఖాళీ డబ్బాయే అనుకుంటారు. కందిపప్పు మాత్రం లోపల అలాగే వుంటుంది. ఎవరో వచ్చి, ఇది ఖాళీయే కదా అని, అందులో రవ్వ పోస్తే అప్పుడు పప్పు నిజంగా పోయినట్టు. కంప్యూటరూ చాలామటుకు అంతే. తుడిచేయమంటే అది చీటీ పీకుతుంది, "ఈ చోటు ఇక వాడుకోవచ్చు" అని తన లెక్కల్లో రాసుకుంటుంది. అసలు సరుకు, దానిమీద ఇంకొకటి వచ్చి పడేదాకా, అక్కడే పడి వుంటుంది.

పాతకాలపు డాస్ కంప్యూటర్లలో ఈ తంతు మరీ విచిత్రంగా వుండేది. ఏదైనా ఫైలు తుడిచేస్తే, దాని పేరులోని మొదటి అక్షరం మీద మాత్రం ఓ గుర్తు వేసేది. మిగతా పేరంతా అలాగే వుండేది. పీటర్ నార్టన్ అనే అమెరికన్ 1982లో అమ్మకానికి తెచ్చిన ప్రోగ్రాముల్లో, అలా తుడిచిన వాటిని మళ్ళీ లేపి కూర్చోబెట్టేది ఒకటి వుంది. ఆయన పేరు మోగిపోయింది దాంతోనే. తర్వాత 1991లో వచ్చిన డాస్ అయిదో కూర్పులో ఆ సదుపాయం కంప్యూటరుతోబాటే ఇచ్చారు. పోయిన ఫైలు కావాలంటే అది ఒకే ఒక్క ప్రశ్న వేసేది. "దీని పేరులో మొదటి అక్షరం ఏమిటి?" అని. ఆ ఒక్క అక్షరం మీరు గుర్తుంచుకుంటే చాలు, మిగతాదంతా నా దగ్గరుంది అన్నట్టు! నాకు ఆ ప్రశ్న భలే ఇష్టం. ఎక్కడో కలిసిన చిన్ననాటి స్నేహితురాలి ముఖం చూసి, పేరులో మొదటి అక్షరం కోసం తడుముకుంటామే, అచ్చం అలాగే.

మనుషులు పొరబాట్లు చేస్తారని కంప్యూటర్లు చేసేవాళ్ళకి మొదటినుంచీ తెలుసు. అందుకే 1984లో వచ్చిన మెకింటాష్ తెరమీద చెత్తడబ్బా బొమ్మ పెట్టారు. 1995లో వచ్చిన విండోస్‌లో అలాంటి బుట్టే వచ్చింది. తుడిచింది తిన్నగా వీధిలోకి పోకుండా, ముందు పెరట్లో ఆగుతుందన్నమాట. జీమెయిల్‌లో తుడిచేసిన వుత్తరం ముప్ఫై రోజులపాటు బుట్టలో వుంటుంది. గూగుల్‌లో దాచుకున్న పేర్లూ, ఫోను నంబర్లూ కూడా ముప్ఫై రోజుల్లోపల వెనక్కి తెచ్చుకోవచ్చు. గడువు దాటితే మరి దొరకవు. కాబట్టి పోయాయని తెలియగానే ముందు ఆ బుట్టలో చూడాలి. సగం ఏడుపులు అక్కడే ఆగిపోతాయి.

బుట్ట కూడా ఖాళీ అయిపోతే? అప్పుడు చెయ్యాల్సింది ఏమీ చెయ్యకపోవడం. ఇది మనకి చాలా కష్టమైన పని. కంగారులో ఏదో ఒకటి చెయ్యకపోతే తోచదు. కంప్యూటరు మూసి తెరుస్తాం, ఇంటర్నెట్‌లో వెతుకుతాం, ఎవరో చెప్పిన ప్రోగ్రాము దించుకుంటాం. ఆ దించుకున్నది ఎక్కడికి పోయి కూర్చుంటుంది? ఖాళీ అని రాసిపెట్టిన చోట్లోనే. అంటే కందిపప్పు వెతుక్కోవడానికి వచ్చి, ఆ డబ్బాలోనే రవ్వ పోసినట్టు. అందుకని కంప్యూటరును ముట్టుకోకుండా ఆపేసి, తెలిసినవాళ్ళ చేత దాని డిస్కును వేరే డిస్కుమీదకి యథాతథంగా నకలు తీయించి, ఆ నకలులో వెతికించుకోవడం మంచిది. థండర్‌బర్డ్ లాంటి ప్రోగ్రాముల్లో తుడిచిన వుత్తరాలు, ఫైలును కుదించేదాకా, అదే ఫైలులో గుర్తుతో పడి వుంటాయి. వాటిని బయటికి తీయడం కొంత తేలిక. అయితే ఈ రోజుల్లో వస్తున్న ఎస్.ఎస్.డి. డిస్కులు వున్న కంప్యూటర్లకి ఈ ధీమా పనికిరాదు. తుడిచిన చోటును అవి తమంతట తామే త్వరగా శుభ్రం చేసేసుకుంటాయి. వాటి పనిమనిషి చాలా చురుకైనది!

ఇంకో దారి కూడా వుంది. దానికి ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు. కాగితం మీది వుత్తరం ఒక్క ఇంట్లోనే వుండేది. ఈమెయిలు రెండిళ్ళల్లో వుంటుంది. రాసినవాళ్ళ దగ్గర ఒకటి, అందుకున్నవాళ్ళ దగ్గర ఒకటి. మీ దగ్గర పోతే చెల్లెల్ని అడగండి, అమ్మాయిని అడగండి. "నువ్వు నాకు రాసినవి నాకోసారి మళ్ళీ పంపు" అని. చిరునామాలు పోయినా అంతే. వుత్తరాలు దొరికితే, వాటి నెత్తిన రాసి వున్న పేర్లలోంచే చాలా చిరునామాలు ఏరుకోవచ్చు.

చిరునామాల పుస్తకం పోవడంలో మరో ముచ్చట వుంది. రెండు వందల పేర్లు పోయాయని లబోదిబోమంటాం. తీరా చూస్తే, నెల తిరిగేలోగా ఓ నలభైమంది తమంతట తామే ఫోను చేసి తిరిగి చేరతారు. ఓ ముప్ఫైమందిని మనమే వెతుక్కుంటూ వెళతాం. మిగతావాళ్ళు పోయారన్న సంగతి కూడా మనకి గుర్తురాదు. వాళ్ళలో ఎప్పుడో మానేసిన పాలబ్బాయి వుంటాడు, పదిహేనేళ్ళ కిందట ఇల్లు చూపించిన బ్రోకరు వుంటాడు. ఇక చనిపోయినవాళ్ళ నంబర్లు వుంటాయి చూడండి, వాటి సంగతి వేరు. ఆ నంబరుకి ఎవరూ పలకరని తెలుసు. అయినా తుడవడానికి చెయ్యి రాదు. అలాంటిది ఒకటి మన ప్రమేయం లేకుండా పోతే, మనిషి రెండోసారి పోయినట్టుంటుంది.

పోయినవి దొరకడమే గొప్ప అనుకుంటాం. దొరికాక ఏం చేస్తామన్నది ఆలోచించం. దీనికి సినిమావాళ్ళ కథ ఒకటి చెప్పాలి. 1998లో అమెరికాలో పిక్సార్ సంస్థవాళ్ళు "టాయ్ స్టోరీ 2" అనే బొమ్మల సినిమా తీస్తున్నారు. ఎవరో ఇచ్చిన ఓ తప్పు ఆజ్ఞకి కంప్యూటర్లలో వున్న సినిమా చాలాభాగం తుడుచుకుపోయింది. నకళ్ళు దాచిన టేపులు చూస్తే అవీ సరిగ్గా పనిచెయ్యలేదు. అంతా తలలు పట్టుకుని కూర్చున్న సమయంలో గేలిన్ సుస్మన్ అనే సాంకేతిక నిపుణురాలికి ఓ సంగతి గుర్తొచ్చింది. ఆవిడ అంతకు కొంతకాలం కిందటే బిడ్డను కన్నది. పసివాడితో ఇంటినుంచే పని చేసుకునేందుకు వీలుగా, ఇంట్లో వున్న కంప్యూటరులో సినిమా నకలు పెట్టుకుంది. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, పురిటిపిల్లను తెచ్చినంత జాగ్రత్తగా కారులో ఆఫీసుకి తెచ్చారు. సినిమా బతికింది. ఓ బాలింత ఇంట్లో వుండి పని చేసుకోవడం అంతమంది శ్రమను కాపాడిందన్నమాట.

కథ అక్కడితో అయిపోలేదు. అంత పాట్లు పడి దక్కించుకున్న సినిమాను, ఆ తర్వాత కొద్ది నెలలకి, కథ నచ్చలేదని వాళ్ళే పక్కన పెట్టేశారు. చాలాభాగం మళ్ళీ కొత్తగా తీసి 1999లో విడుదల చేశారు. చూశారా! మొదటిసారి పోయినప్పుడు గుండెలు బాదుకున్నవాళ్ళే, రెండోసారి తామే పారేశారు. రెండు సందర్భాల్లోనూ పోయింది ఇంచుమించు ఒకే సరుకు. మొదటిది నష్టం, రెండోది నిర్ణయం. ఒకవేళ ఎవరైనా ఆ పారేసిన దాన్ని తవ్వి తీసి "ఇదిగో మీ సినిమా" అని ఊరంతా చూపిస్తే వాళ్ళకి సంతోషం కలుగుతుందా?

అసలు చిక్కు ఇక్కడే వుంది. పోయినవాటిని వెతికే ప్రోగ్రాముకి కూడా, మొదట చెప్పుకున్న చీపురులాగే, వివేకం లేదు. పొరపాటున పోయినవీ, కావాలని పారేసినవీ ఒకే జాబితాలో వరసగా తెచ్చి ముందు పెడుతుంది. నిన్న మనవడు తుడిచినవీ, ఏడేళ్ళ కిందట ఇంటాయన ఒక్కడూ కూర్చుని తుడిచినవీ పక్కపక్కనే కనిపిస్తాయి. ఇందులో ఏది మనది?

నాకు తెలిసిన ఒకావిడ విశాఖపట్నంలో వుంటారు. భర్త బ్యాంకులో పనిచేసి రిటైరయినవారు. ఆయన పోయి ఏడాది దాటింది. ఇంట్లోని పాత కంప్యూటరు ఎక్కువగా ఆయన వాడినదే. సెలవులకి వచ్చిన మనవడు ఆటల కోసం చోటు చేసుకోబోయి, వుత్తరాల ఫోల్డర్లన్నీ తుడిచి, బుట్ట కూడా ఖాళీ చేసేశాడు. చిరునామాల పుస్తకం కూడా వాటితోబాటే పోయింది. ఆవిడకి కావలసినవి పిల్లలిద్దరూ విదేశాలకి వెళ్ళిన కొత్తలో రాసిన వుత్తరాలు. కంప్యూటర్లు బాగుచేసే కుర్రాణ్ణి పిలిపించారు. అతను డిస్కు పట్టుకెళ్ళి, రెండు రోజులు తంటాలుపడి, జాబితా తెచ్చాడు. నాలుగువేల పైచిలుకు వున్నాయట.

"ఆంటీ, పిల్లలు రాసినవి దాదాపు అన్నీ వచ్చేశాయి. చిరునామాలు కూడా వచ్చాయి. ఇవికాక అంకుల్‌గారు ఎప్పుడో తుడిచేసినవి కూడా చాలా వున్నాయి. పంపకుండా వదిలేసిన చిత్తులు. అన్నీ తీసి ఇచ్చేయమంటారా?" అన్నాడు.

ఆవిడ తెరమీదకి చూశారు. చిత్తుల వరసలో ఒకే పేరు మళ్ళీ మళ్ళీ కనిపించింది. అది ఆవిడ మరిదిగారి పేరు. ఊళ్ళో ఇల్లు పంచుకున్నప్పుడు అన్నదమ్ములకి మాట వచ్చి, పన్నెండేళ్ళపాటు పలకరింపులు లేవు. ఆయన పోయినప్పుడు తమ్ముడు వచ్చాడు కాని, గుమ్మం దగ్గరే నిలబడి వెళ్ళిపోయాడు. ఆ తమ్ముడికి ఈయన ఇన్నిసార్లు వుత్తరాలు మొదలుపెట్టి తుడిచేశారన్న సంగతి ఆవిడకి ఆ క్షణందాకా తెలియదు.

"వద్దు బాబూ. నేను పోగొట్టుకున్నవి ఇవ్వు చాలు. ఆయన పారేసినవి నాకొద్దు. నకలు కూడా ఉంచుకోకు," అన్నారావిడ.

ఆ రాత్రి ఈ సంగతి ఫోనులో చెబితే, డాలస్‌లో వున్న అమ్మాయికి కోపం వచ్చింది. "అదేమిటమ్మా! నాన్న రాసిన ఒక్క ముక్క దొరికినా కళ్ళకద్దుకునేదాన్ని. బాబాయికి ఏం చెప్పాలనుకున్నారో మనకి తెలియొద్దా? క్షమించమన్నారో, తిట్టారో, ఎలా తెలుస్తుంది మరి?" అంది.

"నాన్న నీకు పంపినవి నీవి. ఎవరికీ పంపకుండా తుడిచేసినవి ఆయనవి," అన్నారట ఈవిడ.

నేను ఈ తగవును చాలారోజులు మనసులో వేసుకుని తిప్పాను. అమ్మాయి మాటలో న్యాయం లేదా? వుంది. మనిషి పోయాక ఆయన చేతిరాత వున్న పాలలెక్క కాగితం కూడా అపురూపమే. పోయినవాళ్ళకి సిగ్గేమిటి, దాపరికమేమిటి అని కూడా అనవచ్చు. పైగా ఆ వుత్తరాల్లో మంచిమాటలే వుంటే, ఓ పాత పగ చల్లారేది కదా!

కాని తల్లి మాటే నాకు బరువుగా తోస్తుంది. వుత్తరం రాయడం ఒక పని, పంపడం మరో పని. కోపంలో మనం ఎన్ని రాసుకోం! రాసి, చదువుకుని, "ఛ, ఇంత మాట అనకూడదు" అని చింపేస్తాం. ఆ చింపడంలోనే మన మంచితనం వుంది. మర్నాడు ఎవరో ఆ ముక్కలు అతికించి, "నీ అసలు మనసు ఇదీ" అంటే, అది ఎంత అన్యాయం! రాసింది మన మనసే అయితే, చింపింది కూడా మన మనసే. తుడిచేసిన వుత్తరాన్ని మాత్రం లేపి, తుడిచిన చేతిని పక్కకి తోసేస్తే, మనిషి సగమే మిగులుతాడు. ఆ సగం కూడా ఆయన వద్దనుకున్న సగం.

ఆవిడ జాబితాలో పేర్లు చూశారు కదా, అదీ తొంగిచూడ్డమే కదా అనవచ్చు మీరు. కంటపడ్డదానికి కన్నేం చేస్తుంది? దారిన పోతూంటే పక్కింటివాళ్ళ కిటికీలోంచి దీపం కనిపిస్తుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి కర్టెను తొలగించి చూడడం వేరు. ఆవిడ దీపం చూసి ఆగిపోయారు.

ఆగిపోయి ఊరుకోలేదు కూడా. దొరికిన చిరునామాల్లో మరిదిగారి ఫోను నంబరు వుంది. పన్నెండేళ్ళు మాటల్లేకపోయినా, ఆయన ఆ నంబరు తుడిచేయలేదు. వుత్తరాలు తుడిచారు, నంబరు వుంచారు. ఆవిడ మర్నాడు పొద్దున్నే ఆ నంబరుకి ఫోను చేసి, "మీ అన్నయ్య మీకు రాయాలని చాలాసార్లు కూర్చున్నారండీ. ఏం రాశారో నాకు తెలియదు. కూర్చున్నారని మాత్రం తెలిసింది" అని చెప్పారట. అవతలినుంచి చాలాసేపు మాట రాలేదట. సంక్రాంతికి ఆయన సకుటుంబంగా వచ్చి వెళ్ళారు. అమ్మాయి మాత్రం అమ్మ చేసింది సరైనదని ఇప్పటికీ ఒప్పుకోవడంలేదు. దాని బాధ దానిది.

అయితే తుడిచేసినవన్నీ ముట్టకూడనివేనా? అలా అంటే దొంగలందరికీ పండగే. 1986లో అమెరికాలో రీగన్ అధ్యక్షుడుగా వుండగా, ఇరాన్‌కి రహస్యంగా ఆయుధాలు అమ్మిన వ్యవహారం బయటపడింది. అందులో చెయ్యి వున్న పాయిండెక్స్‌టర్, ఆలివర్ నార్త్ అనే అధికారులు తమ కంప్యూటర్లలోని సందేశాలు తుడిచేసి, ఇక ఫరవాలేదనుకున్నారు. కాని నకళ్ళు విడిగా టేపుల మీద వున్నాయి. 1987లో విచారణ సంఘం చేతికి అవే దొరికాయి. అక్కడ తుడిచిన చేతిని గౌరవించి ఊరుకుంటే న్యాయం ఏమయ్యేది? ఆ సందేశాలు వాళ్ళ సొంతం కావు, దేశానికి వాళ్ళు చెప్పవలసిన లెక్కలు. ఇంట్లోనూ అంతే. ఎవరికో ఇవ్వాల్సిన బాకీ కాగితమో, ఆడపిల్ల పేరుమీద వున్న పొలం సంగతో, డాక్టరుకి తెలియాల్సిన జబ్బు వివరమో తుడిచేసిన వాటిలో వుందని తెలిస్తే, తీసి చూడాల్సిందే. తుడిచిన మనిషికి ఇంకొకరి హక్కును తుడిచే అధికారం లేదు.

కాబట్టి కంప్యూటరు నాలుగువేల పేర్లు తెచ్చి ముందు పెట్టినప్పుడు మనల్ని మనం అడుగుకోవాల్సినవి రెండే ప్రశ్నలు. ఇది నేను పోగొట్టుకున్నదా, ఇంకొకరు పారేసినదా? ఇంకొకరు పారేసినదైతే, ఇందులో మూడో మనిషికి చెందవలసినది ఏదైనా వుందా? రెండోదానికి జవాబు "లేదు" అయితే, చేతులు కట్టుకోవడమే మర్యాద.

ఇలాంటి వాటికి చట్టాలు లేవా అంటే వున్నాయి. 2014లో ఐరోపా న్యాయస్థానం, ఎప్పటివో పాత సంగతులు తన పేరుతో వెతికినప్పుడు కనిపించకుండా తీసేయమని అడిగే హక్కు మనిషికి వుందని చెప్పింది. మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల తీర్పులో, ఆంతరంగికత మనిషి ప్రాథమిక హక్కు అంది. 2023లో మన పార్లమెంటు చేసిన సమాచార రక్షణ చట్టంలో, తన వివరాలు తుడిచేయమని అడిగే హక్కు రాశారు. కాని ఆ చట్టంలోనే ఇంకో మాట కూడా వుంది. వ్యక్తులు తమ సొంతానికీ, ఇంటి అవసరాలకీ వాడే సమాచారానికి అది వర్తించదు. అంటే కంపెనీకీ మనకీ మధ్య చట్టం వుంటుంది కాని, అత్తకీ కోడలికీ మధ్య, తల్లికీ కూతురికీ మధ్య వుండదు. ఇంటి గుమ్మం లోపల ఎవరి బుద్ధే వాళ్ళకి చట్టం.

గుమ్మం లోపలే కదా మనకి తొందర ఎక్కువ! పదహారేళ్ళ పిల్ల ఏదో రాసి గబుక్కున తుడిచేస్తే, అదేమిటో తెలిసేదాకా మనకి అన్నం సయించదు. "తల్లిని కనుక చూస్తాను" అంటాం. నిజంగా భయపడవలసిన సూచన కనబడితే, పిల్లకి ముప్పు వుందనిపిస్తే, చూడాల్సిందే. అక్కడ కాపాడాల్సిన మనిషి వుంది. ఊరికే మనసు ఆగక చూస్తే మాత్రం, పిల్ల ఆ తర్వాత రాయడం మానదు, మనకి కనబడకుండా రాయడం నేర్చుకుంటుంది. అడిగితే చెప్పే పిల్లను పోగొట్టుకుని, తుడిచేస్తే దొరికే వుత్తరం సంపాదించుకున్నవాళ్ళమవుతాం. బేరం మనకి గిట్టుబాటు కాదు.

పోగొట్టుకోకూడదనుకున్నవాటికి మన పెద్దవాళ్ళు పాటించిన పద్ధతి ఒకటుంది. తాళ్ళపాకవారు అన్నమయ్య కీర్తనల్ని రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల గుడిలో రాతి అరలో భద్రపరిచారు. 1922లో అవి వెలుగులోకి వచ్చాయి కాబట్టి మన ఇళ్ళల్లో పొద్దున్నే ఆ పాటలు వినబడుతున్నాయి. మనకి రాగిరేకులు అక్కర్లేదు. పిల్లల వుత్తరాలూ, చిరునామాలూ నెలకోసారి ఓ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టుకుంటే చాలు. మరీ ముఖ్యమైన పాతిక నంబర్లు ఓ నోటుపుస్తకంలో రాసుకుంటే ఇంకా మంచిది. కరెంటు లేనప్పుడు కూడా అది తెరుచుకుంటుంది!

పారేయాలనుకున్నవాటికి కూడా పద్ధతి కావాలి. మన తర్వాత మన కంప్యూటరును ఎవరో ఒకరు తెరుస్తారు. మనం తుడిచామనుకున్నవి వాళ్ళ ముందు బారుగా నిలబడవచ్చు. అందుకని, ఎవరికీ తెలియకూడదనుకున్నదాన్ని కంప్యూటరులో రాయకపోవడం ఒక జాగ్రత్త. అంతకంటే పెద్ద జాగ్రత్త ఇంకొకటుంది. నా పిల్లలకి ఇప్పుడే, బాగున్నప్పుడే, చెప్పేశాను. "నేను దాచినవన్నీ మీవి. నేను పారేసినవి నాకే వదిలెయ్యండి" అని. మీరూ ఓ మాట చెప్పి వుంచండి. కాఫీ తాగుతున్నప్పుడు చెబితే చాలు, దానికి వీలునామాలు అక్కర్లేదు.